చదివి వేసిన బొమ్మ



ఇవాళ మనం స్మరించుకుంటున్న చిత్రకారుడు మాస్టారు విజయవాడ ప్రచురణకర్తలకు ఏళ్ల తరబడి అట్టమీద బొమ్మలు వేశారు. అందులో డిటెక్టివ్ నవలలున్నాయి, జానపదాలున్నాయి, కుటుంబ కథలున్నాయి. నవల చేతికివ్వనిదే ఆయన కుంచె పట్టేవారు కాదని ఆయనతో పనిచేసిన వాళ్లంతా చెబుతారు. ఆ పట్టుదల ఎంత విలువైనదో చెప్పడానికి నేను ఈరోజు కాస్త దూరం వెళుతున్నాను. ఇంగ్లీషులో వచ్చిన ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ నవలలకు అట్టలు ఎలా తయారయ్యాయన్నది నా విషయం. అంత దూరం వెళ్లడానికి కారణముంది. కుటుంబ నవలకు బొమ్మ వేసే చిత్రకారుడికి వీధిలోకి చూస్తే చాలు, ఇళ్లూ మనుషులూ చీరలూ అన్నీ దొరుకుతాయి. డ్రాగన్ దొరకదు. వేరే గ్రహం మీద సూర్యోదయం దొరకదు. అక్కడ చిత్రకారుడికి ఉన్న ఒకే ఒక్క ఆధారం రచయిత రాసిన వాక్యం. ఆ వాక్యం చదివితే ఏమవుతుందో, చదవకపోతే ఏమవుతుందో ఈ రంగంలో కనిపించినంత తేటగా ఇంకెక్కడా కనిపించదు.

1965లో అమెరికాలో జరిగిన సంగతితో మొదలుపెడతాను. టోల్కిన్ రాసిన ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను ఏస్ బుక్స్ సంస్థ, కాపీరైట్ చట్టంలోని లొసుగును అడ్డం పెట్టుకుని, రచయిత అనుమతి లేకుండానే 75 సెంట్ల పేపర్‌బ్యాక్‌గా అచ్చువేసింది. హక్కులు సక్రమంగా తీసుకున్న బాలంటైన్ సంస్థ 95 సెంట్ల ప్రతులను వీలైనంత త్వరగా బజారులోకి దించాల్సి వచ్చింది. ఆ హడావుడిలో అట్టల పని బార్బరా రెమింగ్టన్ అనే చిత్రకారిణి చేతికి వెళ్లింది. పుస్తకాలు చదివే వ్యవధి ఆమెకు దొరకలేదు. చదివిన స్నేహితులను అడిగి తెలుసుకున్న నాలుగు ముక్కలతోనే పని కానిచ్చారు. ‘ది హాబిట్’ అట్ట మీద ఒక సింహం వచ్చింది, ఈము పక్షులు వచ్చాయి, గులాబీరంగు గుండ్రటి కాయలు కాసిన చెట్టొకటి వచ్చింది. కథలో ఇవేవీ లేవు. టోల్కిన్ నిర్ఘాంతపోయి, ఈ సింహం ఎందుకు, ఈ పక్షులెందుకు, ఇది ఏ ఊరు అని అడుగుతూ ఉత్తరం రాశారు. తర్వాతి ముద్రణల్లో సింహాన్ని తీసేశారు. మిగతావి అలాగే ఉండిపోయాయి.

రెమింగ్టన్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మూడు సంపుటాలకూ ఆమె వేసిన అట్టలను పక్కపక్కన పెడితే ఒకే పొడుగాటి దృశ్యం అవుతుంది. దాన్ని పోస్టరుగా వేస్తే ఒక తరం కాలేజీ కుర్రకారు తమ గదుల గోడలకు అంటించుకుంది. చదివి ఉంటే ఇంకోలా వేసేదాన్నని ఆమే తర్వాత చెప్పారు. చదివే అవకాశం ఇవ్వని పద్ధతిదే లోపం. ఆ పద్ధతి ఇంకా పోలేదు.

అదే ‘హాబిట్’కు 1937లో లండన్‌లో వచ్చిన మొదటి ముద్రణ అట్ట చూడండి. అలెన్ అండ్ అన్విన్ వాళ్ల కోసం టోల్కినే స్వయంగా బొమ్మ వేశారు. మంచుకొండలు, వాటి కింద చిక్కటి అడవి, మధ్యలోంచి దూసుకుపోయే దారి, చుట్టూ అంచులో ఆయన రాసిన రూనిక్ లిపి. ఆ లిపి తెలిసినవాళ్లు చదివితే పుస్తకం పేరు, ప్రచురణకర్త పేరు అన్నీ అందులోనే ఉంటాయి. సూర్యుడు, డ్రాగన్ ఎర్రగా ఉండాలని ఆయన కోరుకున్నారు. నాలుగో రంగు వేస్తే ఖర్చు పెరుగుతుందని సంస్థ ఎరుపును తీసేసింది. నలుపు, నీలం, ఆకుపచ్చ, కాగితపు తెలుపు మాత్రమే మిగిలాయి. అయినా ఆ అట్ట ఇవాళ్టికీ నిలబడింది. రంగు పోయినా ఆ లోకం పోలేదు, ఎందుకంటే వేసినవాడికి అక్కడి ప్రతి కొండా తెలుసు. రచయితే చిత్రకారుడు కావడం అరుదు కాబట్టి, మిగతా అన్ని పుస్తకాల విషయంలో ఆ పరిచయం చదువు ద్వారానే రావాలి.

మరి ఎందుకు చదవనివ్వరు? అట్ట అంటే పుస్తకం పూర్తయ్యాక ఆఖర్న వేసే తొడుగు అని మనం అనుకుంటాం. న్యూయార్క్, లండన్ సంస్థల్లో వరస దీనికి తలకిందులు. పుస్తకం దుకాణానికి చేరడానికి చాలా నెలల ముందే కేటలాగు తయారు కావాలి, అమ్మకాల మనుషులు దాన్ని పట్టుకుని పుస్తక విక్రేతల దగ్గరికి వెళ్లాలి. అందులో అట్ట లేకపోతే ఆర్డర్లు రావు. ఆ సమయానికి రచయిత ఇంకా చివరి అధ్యాయాలు తిరగరాస్తూ ఉండవచ్చు. అందుకని ఆర్ట్ డైరెక్టర్ చిత్రకారుడికి ఒకటి రెండు పేజీల వివరం పంపుతారు. నాయిక వయసు, జుట్టు, కత్తి ఎలాంటిది, కథ ఏ రుతువులో నడుస్తుంది, ఏ దృశ్యం అయితే బాగుంటుంది, ముందు సంపుటం అట్ట ఏ రంగులో ఉంది, ఇలాంటివి. అదృష్టం బాగుంటే రాతప్రతి కూడా వస్తుంది. లేకపోతే మూడు అధ్యాయాలు, ఒక కథాసారం.

తర్వాత చిన్న చిన్న రఫ్‌లు, ఒక్కోటి తపాలాబిళ్ల కన్నా కాస్త పెద్దది. ఇంత చిన్నగా ఎందుకంటే, ఆ కొలతలో కూడా నిలిచే బొమ్మే దుకాణంలో పదడుగుల దూరం నుంచి కనిపిస్తుంది. ఇప్పుడు ఫోన్ తెర మీద అట్ట నిజంగానే ఆ కొలతకు కుదించుకుపోయింది కాబట్టి ఆ పాత అలవాటు మరీ అవసరమైంది. రఫ్‌లలో ఒకదాన్ని ఆర్ట్ డైరెక్టర్, ఎడిటర్, మార్కెటింగ్ వాళ్లు కూర్చుని ఎంచుతారు. చాలా మంచి బొమ్మలు ఈ సమావేశంలోనే చచ్చిపోతాయి. ఎంపికైనదాన్ని చిత్రకారుడు పెద్దది చేసి గీస్తాడు. పాత్రలకు స్నేహితులనో ఇంట్లోవాళ్లనో నిలబెట్టి, దుప్పటిని అంగీలా చుట్టి, ఒక పక్క నుంచి దీపం పెట్టి ఫొటోలు తీసుకుంటాడు. ఆ తర్వాతే నూనె రంగో, యాక్రిలిక్కో, కంప్యూటరో.

లేని జంతువు సంగతి ఇంకా కష్టం. దాని ఒంటి మీద వెలుగు ఎక్కడ పడుతుంది, నీడ ఎక్కడ ఆగుతుంది? ‘డైనోటోపియా’ చిత్రకారుడు జేమ్స్ గర్నీ ఇందుకోసం మట్టితో చిన్న బొమ్మ చేసుకుని ఎండలో పెట్టి చూస్తారు. 2009లో ఆయన రాసిన ‘ఇమాజినేటివ్ రియలిజం’ పుస్తకం మొత్తం ఈ విద్య గురించే. రెక్క పక్కటెముకలకు ఎక్కడ అతుక్కుంటుంది, అంత బరువును ఆ కండరం మోయగలదా అని ఆలోచించి వేసిన డ్రాగన్‌కీ, పాత బొమ్మలు చూసి వేసిన డ్రాగన్‌కీ ఉన్న తేడాను పిల్లలు కూడా పట్టేస్తారు. కారణం చెప్పలేరేమో గానీ పట్టేస్తారు.

బొమ్మలో పై మూడోవంతు దాదాపు ఖాళీగా ఉంచాలి, అక్షరాలు అక్కడ పడతాయి. రచయిత పేరు మోగే కొద్దీ ఆ ఖాళీ పెరుగుతూ పోతుంది. వెన్ను మీద ఏం పడుతుందో చూసుకోవాలి, ఎందుకంటే అలమరలో పుస్తకం చూపించే ముఖం అదే. తెర మీద మెరిసే విద్యుత్ నీలం నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌లో అలా దిగదు, మసకబారుతుంది. కాబట్టి అంతరిక్షం వేసేవాడు తన నీలాన్ని అచ్చుయంత్రానికి తగ్గట్టు ముందే మార్చుకుంటాడు. ఇవన్నీ చేతిపని. మాస్టారికి ఇవన్నీ తెలుసు, ఆయన కాలంలో అచ్చు బ్లాకుల పరిమితులు ఇంతకన్నా కఠినం. నేను అడుగుతున్నది ఈ చేతిపని వెనక ఉన్న చదువు గురించి.

ఈ బొమ్మల చరిత్రలో మొదటి పెద్ద పేరు ఫ్రాంక్ ఆర్. పాల్. ఆస్ట్రియాలో పుట్టి, భవనాల డ్రాయింగు నేర్చుకుని, అమెరికాలో స్థిరపడ్డారు. 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బాక్ ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రిక మొదలుపెట్టినప్పుడు తొలి సంచిక అట్ట ఆయనదే. మంచు మీద స్కేటింగ్ చేసే మనుషులు, మంచుదిబ్బల మీద ఇరుక్కున్న ఓడలు, ఆకాశమంతా పరచుకున్న శనిగ్రహం. జూల్స్ వెర్న్ నవల కోసం వేసిన బొమ్మ అది. పాల్ మనుషులు కొయ్యబొమ్మల్లా ఉంటారు. ఆయన యంత్రాలు మాత్రం ప్రాణమున్నట్టు ఉంటాయి, ప్రతి చక్రం ఎక్కడ తిరుగుతుందో తెలిసినట్టు. పత్రికల కొట్లో పదుల సంచికల మధ్య వేలాడుతూ బాటసారి కళ్లను లాక్కోవడం ఆ అట్ట పని. అందుకే నేపథ్యమంతా ముదురు పసుపు, ముదురు ఎరుపు. అప్పటి నుంచి సైన్స్ ఫిక్షన్ అంటే రాకెట్టు, గ్రహాంతర జంతువు, భయపడుతున్న అమ్మాయి అన్న ముద్ర పడిపోయింది. పెద్దవాళ్లు ఆ పత్రికలను మడిచి దాచుకుని చదవాల్సిన పరిస్థితి వచ్చింది.

ఆ ముద్రను పగలగొట్టిన చిత్రకారుడు రిచర్డ్ పవర్స్. 1952లో పుట్టిన బాలంటైన్ సంస్థ ఆయనకు స్వేచ్ఛ ఇచ్చింది. 1953లో వచ్చిన ఆర్థర్ సి. క్లార్క్ ‘చైల్డ్‌హుడ్స్ ఎండ్’ లాంటి నవలలకు ఆయన వేసిన అట్టల్లో రాకెట్లు, తుపాకులు కనిపించవు. ఈవ్ టాంగీ, మాట్టా లాంటి సర్రియలిస్టుల దారిలో, ఏ పేరూ పెట్టలేని ఆకారాలు గాలిలో తేలుతుంటాయి. అట్టను చూసి ఫలానా పేజీలోని సంఘటన అని చెప్పలేరు. కానీ చదివి పుస్తకం మూశాక మనలో మిగిలే వింత ఒంటరితనం ఆ బొమ్మలో ముందే ఉంటుంది. చదివి వేయడమంటే సంఘటనను నకలు తీయడం కాదని నాకు మొదట నేర్పినవి పవర్స్ అట్టలే. పుస్తకంలోని వాతావరణాన్ని పట్టుకోవడానికి కూడా చదవాలి. నిజానికి ఇంకా లోతుగా చదవాలి.

లియో, డయాన్ డిల్లన్ దంపతులది అదే తోవ. ఇద్దరూ 1933 మార్చిలోనే, పదకొండు రోజుల తేడాతో పుట్టారు. ఒకరు మొదలుపెట్టిన గీతను మరొకరు అందుకుంటారు. పూర్తయిన బొమ్మను తామిద్దరూ కాని మూడో చిత్రకారుడి పనిగా చెప్పుకునేవారు. 1969లో ఏస్ స్పెషల్స్ వరసలో వచ్చిన ఉర్సులా లెగ్విన్ ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’కు అట్ట వాళ్లదే. స్త్రీ, పురుష భేదం స్థిరంగా లేని మనుషుల లోకం అది. ఆ పుస్తకానికి యుద్ధమో, అంతరిక్షనౌకో వేస్తే తేలిగ్గా అమ్ముడుపోయేది. వాళ్లు మనిషి ముఖాన్నే ముందుకు తెచ్చారు. 1971లో సైన్స్ ఫిక్షన్ రంగంలో ఇచ్చే హ్యూగో పురస్కారం, తర్వాత పిల్లల పుస్తకాలకు 1976, 1977ల్లో వరసగా రెండు కాల్డెకాట్ పతకాలు వాళ్లకు దక్కాయి.

ఇక్కడ నా వాదానికి అడ్డం వచ్చే పెద్దమనిషి గురించి చెప్పకపోతే అన్యాయం. ఫ్రాంక్ ఫ్రజెట్టా. 1966లో లాన్సర్ బుక్స్ రాబర్ట్ ఇ. హోవార్డ్ రాసిన, కోనన్ అనే వీరుడి కథలను పేపర్‌బ్యాక్‌గా తెచ్చినప్పుడు అట్టలు ఆయన వేశారు. ఆ కథలు చదవలేదని ఆయనే చెప్పుకున్నారు. ఆ పుస్తకాలు మాత్రం విపరీతంగా అమ్ముడుపోయాయి. కండలు తిరిగిన ఆ వీరుడు, శవాల గుట్ట మీద కత్తి ఆనించి నిలబడ్డ తీరు ప్రపంచం మొత్తం మనసులో ముద్రపడింది. మరి చదవకపోతే ఏం? ఫ్రజెట్టా మహా చిత్రకారుడు, అందులో నాకు రెండో మాట లేదు. ఆయన చీకట్లను, ఆ చీకట్లోంచి వచ్చే శరీరాల బరువును ఎవరూ అందుకోలేకపోయారు. కానీ హోవార్డ్ కోనన్ దిగులు పడతాడు, ఆలోచిస్తాడు, రాజయ్యాక పాలన భారంతో నలుగుతాడు. ఆ మనిషి అట్ట మీద లేడు. తర్వాత వచ్చిన కామిక్కులకు, సినిమాలకు చాలామటుకు అట్టమీది కోననే ఆధారమయ్యాడు. హోవార్డ్ 1936లోనే చనిపోయారు, అడగడానికి ఆయన లేరు. గొప్ప బొమ్మ పుస్తకాన్ని గెలిపించగలదు. అదే బొమ్మ పుస్తకంలోని మనిషిని మింగేయనూ గలదు.

దీనికి ఎదురుగా మైకెల్ వేలన్‌ను నిలబెడతాను. రాతప్రతి దొరికితే అక్షరం వదలకుండా చదివి, నోట్సు రాసుకుని, అంచుల్లో బొమ్మలు గీసుకుని, ఆపైన పని మొదలుపెట్టే మనిషి. 1978లో ఆన్ మెకాఫ్రీ ‘ది వైట్ డ్రాగన్’కు ఆయన వేసిన అట్ట చూస్తే, ఆ తెల్లటి జంతువు తనతో ఉన్న కుర్రాడికి నేస్తమని, గుర్రం లాంటి వాహనం కాదని వెంటనే తెలుస్తుంది. పాఠకులు ఆయనకు 15 హ్యూగోలు ఇచ్చారు. 2009లో సైన్స్ ఫిక్షన్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. రాబర్ట్ జోర్డాన్ ‘వీల్ ఆఫ్ టైమ్’ వరసకు 1990 నుంచి అట్టలు వేస్తూ వచ్చిన డారెల్ కె. స్వీట్, ఆఖరి సంపుటం ఇంకా బయటికి రాకముందే 2011లో కన్నుమూశారు. ఆ ‘ఎ మెమరీ ఆఫ్ లైట్’కు అట్ట వేయమని వేలన్‌నే అడిగారు. ఇరవై ఏళ్లుగా ఆ లోకంలో బతుకుతున్న లక్షలాది పాఠకులకు ఆఖరి దృశ్యం చూపించడమంటే, ఆ పుస్తకాలను వాళ్లంత శ్రద్ధగా చదివిన మనిషి కావాలి.

ఇన్ని ఉదాహరణల మధ్య నేను అడగదలచుకున్న ప్రశ్న ఇది. అట్టమీది తప్పులన్నీ ఒకే తప్పా? కాదని నా నమ్మకం. కొన్ని క్షమించవచ్చు. చెస్లీ బోన్‌స్టెల్ 1944లో ‘లైఫ్’ పత్రికకు శని ఉపగ్రహం టైటన్ మీద నుంచి కనిపించే శనిని వేశారు. నీలి ఆకాశం, మంచుకొండల మధ్య వేలాడే వలయాల గ్రహం. ఆ బొమ్మ చూసి ఎందరో పిల్లలు ఖగోళశాస్త్రం వైపు వెళ్లారు. 2005లో హైగెన్స్ నౌక టైటన్ మీద దిగి చూస్తే అక్కడంతా చిక్కటి నారింజరంగు పొగమంచు. ఆ నేల మీద నిలబడితే శని కనిపించదు. బోన్‌స్టెల్ తప్పు చేశారు, కానీ ఆ రోజున్న విజ్ఞానమంతా చదివి చేశారు. చదివి చేసిన తప్పులో ఒక నిజాయితీ ఉంటుంది. టెర్రీ ప్రాచెట్ రాసిన డిస్క్‌వరల్డ్ నవలల అట్టల మీద జోష్ కిర్బీ, కళ్లజోడు పెట్టుకున్న పర్యాటకుడికి నిజంగానే నాలుగు కళ్లు వేసేశారు. ఆ తప్పు ఆ పుస్తకాల అల్లరికి చక్కగా అతికింది. కిర్బీ 2001లో పోయాక ఆ పని పాల్ కిడ్బీకి వచ్చింది. 2002లో ‘నైట్ వాచ్’ అట్టకు ఆయన రెంబ్రాంట్ ప్రసిద్ధ చిత్రాన్ని అనుకరించి, ఆ గుంపులో కిర్బీ ముఖం కూడా చేర్చారు. ముందు తరం చిత్రకారుడికి అంతకన్నా మంచి నివాళి నేను చూడలేదు.

క్షమించలేని తప్పు వేరే ఉంది. లెగ్విన్ 1968లో ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ రాశారు. కథానాయకుడు గెడ్ ఎర్రటి గోధుమరంగు మనిషి. అతని ఆప్తమిత్రుడు నల్లటివాడు. తెల్లవాళ్లు దూరద్వీపాల నుంచి దండెత్తి వచ్చేవాళ్లు. ఇది ఆమె తెలిసి, పట్టుబట్టి చేసిన పని. తొలి ముద్రణకు రూత్ రాబిన్స్ వేసిన అట్ట మీద గెడ్ ముఖం రాగిరంగులోనే ఉంది. ఆ తర్వాత రకరకాల దేశాల్లో, రకరకాల సంస్థలు వేసిన అట్టల మీద అతను తెల్లబడ్డాడు. ఒక బ్రిటిష్ అట్ట మీదైతే పాలిపోయిన, తూలిపోయే ఆకారంగా మిగిలాడు. లెగ్విన్ దశాబ్దాలపాటు ఈ విషయం మీద పోరాడారు. నల్లటి ముఖం అట్ట మీదుంటే పుస్తకం అమ్ముడుపోదన్న మాట ఆమెకు పదే పదే ఎదురైంది.

సింహం పొరపాటుకీ దీనికీ పోలిక లేదు. సింహం ఉంటే పుస్తకం మీద ఒక అనవసరమైన జంతువు ఉంటుంది, అంతే. గెడ్ తెల్లబడితే, తనలాంటి రంగున్న వీరుడి కోసం ఎన్నాళ్లుగానో వెతుకుతున్న పిల్లవాడు ఆ పుస్తకాన్ని అలమరలోంచి తీయకుండానే వెళ్లిపోతాడు. అతని కోసం రాసిన పుస్తకం అతనికి అందదు. ఆక్టేవియా బట్లర్ 1987లో రాసిన ‘డాన్’ నవలలో లిలిత్ నల్లజాతి స్త్రీ. తొలి పేపర్‌బ్యాక్ అట్ట మీద తెల్లటి స్త్రీలున్నారు. 2009లో జస్టిన్ లార్బలెస్టియర్ ‘లయర్’ నవలకు అమెరికాలో అదే జరిగింది. కథ చెప్పే అమ్మాయి నల్లజాతి రక్తమున్న పిల్ల, పొట్టి గిరజాల జుట్టు. అట్ట మీద పొడుగాటి సాఫీ జుట్టు తెల్లమ్మాయి ఫొటో. ఈసారి రచయిత్రి బహిరంగంగా మాట్లాడారు, పాఠకులు గొంతు కలిపారు, అట్ట మారింది. ఈ చరిత్రలో నాకు ఎక్కువ ధైర్యాన్నిచ్చిన సంఘటన అది. అట్ట మారదన్నది అబద్ధమని ఒక్క పుస్తకం రుజువు చేసింది.

స్త్రీల శరీరాలను వంకర్లు తిప్పి వేసే అలవాటు గురించి కూడా ఒక్క మాట. నడుము ఒకవైపు, భుజాలు ఇంకోవైపు, కత్తి పట్టుకుని కూడా పాఠకుడి వైపు వయ్యారంగా తిరిగిన నాయికలు. 2012లో జిమ్ సి. హైన్స్ అనే ఫాంటసీ రచయిత ఆ అట్టల మీది స్త్రీల భంగిమల్లో తానే నిలబడి ఫొటోలు తీసుకుని చూపించారు. వెన్నెముక ఉన్న మనిషి అలా నిలబడి యుద్ధం చేయలేడని అందరికీ అర్థమైంది. నవలలోని ఆ స్త్రీ కత్తిసాములో ఆరితేరినదని చదివిన చిత్రకారుడు ఆమెను ముందు రెండు కాళ్ల మీద గట్టిగా నిలబెడతాడు.

గెడ్ కథకు మరో అధ్యాయం ఉంది. ఎర్త్‌సీ కథలన్నిటినీ ఒకే సంపుటంగా తెచ్చే పని 2010ల మధ్యలో మొదలైంది. బొమ్మలు వేయడానికి చార్లెస్ వెస్‌ను పిలిచారు. దాదాపు నాలుగేళ్లపాటు ఆయనా, ఎనభై దాటిన లెగ్వినూ రాసుకుంటూ, గీసుకుంటూ పనిచేశారు. డ్రాగన్ రూపం కుదిరేదాకా స్కెచ్‌లు వెళ్లడం, ఆమె అభిప్రాయం రావడం, మళ్లీ గీయడం చాలాసార్లు జరిగింది. యాభైకి పైగా బొమ్మలు. 2018 జనవరిలో లెగ్విన్ కన్నుమూశారు. ఆ ఏడాది అక్టోబరులో పుస్తకం వచ్చింది. గెడ్ తన రంగులో ఉన్నాడు. మరుసటి ఏడు హ్యూగో వచ్చింది. సగం శతాబ్దం పట్టింది, కానీ రచయిత్రికీ చిత్రకారుడికీ మధ్య ఎవరూ అడ్డం లేనప్పుడు ఏం సాధ్యమో ఆ సంపుటం చూపిస్తుంది.

ఈ మాట అనగానే మనకు ‘చందమామ’ గుర్తుకు రావాలి. దాసరి సుబ్రహ్మణ్యం ‘తోకచుక్క’ మొదలుకొని రాసిన జానపద సీరియళ్లు అచ్చంగా ఫాంటసీలే. ఒంటికన్ను రాక్షసులు, మాంత్రికులు, పాతాళ దుర్గాలు. వాటికి ‘చిత్రా’ అనే చిత్రకారుడు బొమ్మలు వేశారు. రాసేవారూ, గీసేవారూ మద్రాసు వడపళనిలో ఒకే కార్యాలయంలో కూర్చునేవారు. మాంత్రికుడి గడ్డం ఎలా ఉండాలో అనుమానం వస్తే అడగడానికి ఉత్తరం అక్కర్లేదు. చిత్రా సంతకం బొమ్మ కింద ఉండేది, దాసరి పేరు మాత్రం సీరియళ్ల మీద చాలా ఏళ్లు అచ్చుకాలేదు. ఇతర భాషల్లో అట్ట గీసినవాడి పేరు మరుగున పడితే, ఇక్కడ రాసినవాడి పేరు మరుగున పడింది. రెండూ అన్యాయాలే. కానీ ఆ సీరియళ్లు చదివి పెరిగిన ఎవరినైనా అడగండి, ఆ రాక్షసుడి ముఖం చెప్పమంటే చిత్రా వేసిన ముఖమే చెబుతారు, దానికీ కథకూ ఎక్కడా పొత్తు చెడదు. దూరంలో ఉన్న ఫ్రజెట్టాకు దొరకనిది చిత్రాకు దొరికింది.

డబ్బు గురించి మాట్లాడకుండా చిత్రకారుల గురించి మాట్లాడటం సరికాదు. ఒకప్పుడు అమెరికాలో కూడా అసలు పెయింటింగును ప్రచురణకర్తే ఉంచుకునేవాడు, కొన్ని పారేసేవాళ్లు కూడా. ఫ్రజెట్టా తన అసలు బొమ్మలు తనకు తిరిగి రావాలని పట్టుబట్టారు. కార్ల్ ఎడ్వర్డ్ వాగ్నర్ ‘డార్క్ క్రూసేడ్’ నవల అట్టకు వాడిన ఆయన బొమ్మ 2023లో వేలంలో 60 లక్షల డాలర్లకు పోయింది. ఆయన చదువు గురించి నేను ఫిర్యాదు చేశాను కానీ, హక్కుల విషయంలో ఆ తర్వాత వచ్చినవాళ్లంతా ఆయనకు రుణపడి ఉన్నారు. మన దగ్గర ఎన్ని అసలు బొమ్మలు ప్రెస్సుల అటకల మీద చెదలు తినిపోయాయో ఆలోచిస్తే బాధ కలుగుతుంది.

చివరగా, ఈ మధ్య మొదలైన సంగతి. 2022 చివర్లో టోర్ సంస్థ క్రిస్టఫర్ పావొలీని ‘ఫ్రాక్టల్ నాయిస్’ నవల అట్టను విడుదల చేసింది. ఒక ఫొటోల సంస్థ దగ్గర కొన్న బొమ్మను దానికి వాడారు. అది కృత్రిమ మేధ తయారుచేసిన బొమ్మ కావచ్చని తర్వాత బయటపడింది. తమకు ముందు తెలియదని, పని చాలా ముందుకెళ్లిపోయిందని చెప్పి సంస్థ ఆ అట్టతోనే ముందుకెళ్లింది. చిత్రకారులు గట్టిగా నిరసించారు. ఉపాధి గురించి వాళ్ల ఆందోళన న్యాయమైనదే. దానికి నేను ఒకటి కలుపుతాను. ఆ బొమ్మ ఆ నవల కోసం పుట్టలేదు. నవల గురించి తెలియకుండా తయారై, ఒక దుకాణంలో ఎదురుచూస్తూ ఉండి, అమ్ముడుపోయింది. రెమింగ్టన్‌కు కనీసం చదివిన స్నేహితులున్నారు. ఇక్కడ ఆ పాటి కూడా లేదు. తెలుగులో ఇప్పుడు ఇలాంటి అట్టలు నిమిషాల్లో తయారవుతున్నాయి, చూడటానికి నునుపుగా ఉన్నాయి. నాయిక మెడలో ఉన్నది మన నల్లపూసలు కావు, వెనకున్న గుడి గోపురం ఏ ఊరిదీ కాదు. రచయితలు కూడా ఊరుకుంటున్నారు. ఊరుకోకండని ఈ వేదిక మీద నుంచి వేడుకుంటున్నాను.

ప్రచురణకర్తలను నేను అడిగేవి మూడే. రాతప్రతిని చిత్రకారుడికి ముందుగా, చదవడానికి చాలినంత ముందుగా ఇవ్వండి. అట్ట ఎవరిదో లోపలి పేజీలో స్పష్టంగా వేయండి. అసలు బొమ్మ వాళ్లకు తిరిగి ఇవ్వండి. స్మారక సమితి వారికి కూడా ఒక వినతి. మాస్టారి పేర ఉన్న నిధి నుంచి ఏటా ఒక యువ చిత్రకారుడికో చిత్రకారిణికో కొంత మొత్తం ఇవ్వండి. బొమ్మకు కాదు, బొమ్మకు ముందు నవల చదివే రోజులకు. ఆ రోజులకు ఎవరూ డబ్బు ఇవ్వరు కాబట్టే అవి మాయమవుతున్నాయి. మొదటి ఏడాదికి నా వంతు చందా ఇవాళే సమితి కార్యదర్శిగారికి అందజేస్తున్నాను.